ఇసుక దాటితే అడవి

ఎండాకాలం సెలవులకు ఎవరైనా ఊటీకో, అరకుకో వెళతారు. మేం సారపాక వెళ్లాం! 'మే నెలలో భద్రాచలం వైపా? మతి ఉండే మాట్లాడుతున్నావా?' అన్నారు ఆఫీసులో. నిజమే మరి. కొత్తగూడెం నుంచి గోదావరి దాకా ఎండ 45 డిగ్రీలు దాటడం అక్కడివాళ్లకు వింతేం కాదు.

కానీ సారపాకలో మా పెద్దమ్మ ఉంది. పెద్దమ్మ పుట్టిల్లు కూనవరం దగ్గర. 'ఒక్కసారి మా ఊరు చూపించి తీసుకురా నాయనా' అని ఫోనులో రెండేళ్లుగా అడుగుతోంది. అలా మొదలైందీ ప్రయాణం.

తెల్లవారుజామున అయిదింటికే కారెక్కాం. అప్పటికే జామాయిల్ దుంగల లారీలు కాగితం మిల్లు ముందు బారులు తీరి ఉన్నాయి. కాస్త ముందుకెళితే గోదావరి వంతెన. 1965లో కట్టిన దాని పక్కనే 2024లో రెండోదీ తెరిచారు. మధ్యలో కారాపి చూశాం. కింద నీళ్లు కాదు, ఇసుక! తెలుగునాట ఎడారి లేదనేవాళ్లు ఎండాకాలంలో ఒక్కసారి ఇక్కడ నిలబడాలి. నది దూరంగా ఎక్కడో పాయలా పారుతోంది.

'2022 జులైలో ఈ నీళ్లు 71 అడుగులు దాటాయిరా. వంతెన మూసేశారు. కళ్లెదుట భద్రాచలం, వెళ్లడానికి దారి లేదు' అంది పెద్దమ్మ. 1986లో అయితే 75.6 అడుగులు. మా పాప నమ్మలేదు.

వంతెన దాటితే భద్రాచలం... తెలంగాణ. పట్టణం దాటగానే ఎటపాక... ఆంధ్రప్రదేశ్! 2014లో గీసిన గీత ఇది. ఫోనులో 'స్వాగతం' సందేశాలేవీ రావు కాబట్టి బోర్డులు చూసి తెలుసుకోవాల్సిందే.

దారి పక్కన తునికి పండ్లు అమ్ముతున్నారు. కల్లాల్లో తునికాకు కట్టలు ఆరుతున్నాయి. ఇక్కడి కోయ కుటుంబాలకు ఎండాకాలమంటే సెలవులు కాదు, ఆకు కోత.

కూనవరం దగ్గర శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఈ రోజుల్లో శబరి నీరు తేటగా ఉంటుంది. రేవులో పెద్దమ్మ కాళ్లు కడుక్కుని చాలాసేపు కూర్చుంది. పోలవరం ముంపు మండలాల్లో కూనవరం ఒకటి. పుట్టింటికి వెళితే గోడలు పెచ్చులూడి ఉన్నాయి. 'సున్నమైనా వేయించలేదేమిరా తమ్ముడూ?' అని అడిగింది. 'మునిగే ఇంటికి సున్నమెందుకక్కా?' అన్నాడు మావయ్య. పెద్దమ్మ మళ్లీ మాట్లాడలేదు. పెరట్లో మామిడి చెట్టు మాత్రం విరగకాసింది.

అక్కడి నుంచి చింతూరు. అది దాటితే అసలు మజా! తులసిపాకల వైపు ఘాట్ మొదలవగానే కారు అద్దాలు దించేశాం. వెదురు పొదలు, ఆకాశం కనిపించనంత చెట్లు. అంతవరకూ కాల్చిన గాలే చల్లబడింది. అయితే ఈ మలుపులతో పరాచికాలొద్దు. 2019లోనూ, 2025 డిసెంబరులోనూ యాత్రికుల బస్సులు ఇక్కడే లోయలో పడ్డాయి, ప్రాణాలు పోయాయి. ప్రతి మలుపులో హారన్ కొట్టండి. ఓవర్‌టేక్ మాటే వద్దు. కారులో పెట్రోలు, తాగే నీళ్లు ముందే నింపుకోండి.

మారేడుమిల్లి చేరేసరికి పన్నెండయింది. జలతరంగిణిలో నీళ్లు సన్నగా జారుతున్నాయి. జలపాతాల కోసమే అయితే వానలు పడ్డాక రండి. పిల్లలు మాత్రం ఆ కాసిన్ని నీళ్లలోనే గంటసేపు ఆడారు. రోడ్డు పక్క నిప్పుల మీద బొంగు చికెన్ కాలుతోంది. ఘాటు కాస్త ఎక్కువే, అయినా రెండు బొంగులు ఖాళీ చేశాం. శనివారం కావడంతో పెద్దమ్మ పెరుగన్నం మూట విప్పుకుంది.

రాత్రికి అక్కడే ఉందామని పిల్లల గొడవ. పెద్దమ్మ ఒప్పుకోలేదు. తమ్ముడు మామిడికాయలు కోసి ఉంచుతానన్నాడట. చీకటి పడకముందే ఘాట్ దిగాలని రెండింటికే బయల్దేరాం, మళ్లీ కూనవరం మీదుగానే.