రెండు సీట్ల కారు, రెండంతస్తుల వంతెన

"అన్నయ్యా, మీరైనా చెప్పండి ఆయనకి! యిద్దరు పిల్లలున్న యింటికి రెండు సీట్ల కారేమిటి?"

శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం దిగి, ఫ్రీమాంట్‌లో మావాడింట్లో కాఫీ కప్పు అందుకున్నానో లేదో, చెల్లెమ్మ పెట్టిన మొదటి అర్జీ యిది. మావాడు నావైపు చూడకుండా చిన్నవాడి బూటు లేసు కడుతున్నాడు. తప్పు చేసినప్పుడు వాడెలా వుంటాడో నాకు తెలుసు. విశాఖలో డిగ్రీ మూడేళ్లూ ఒకే గదిలో వున్నాం మరి!

అసలు తప్పంతా ఆ గదిదే. అక్కడే ఓ రాత్రి పాత కంప్యూటర్ మీద "ది గ్రాడ్యుయేట్" చూశాం. 1967 చివర్లో వచ్చిన సినిమా. దర్శకుడు మైక్ నికల్స్‌కి ఆస్కార్ తెచ్చింది, డస్టిన్ హాఫ్‌మన్‌ని రాత్రికి రాత్రే స్టార్‌ని చేసింది. మేమంతా కథ గురించి పోట్లాడుకుంటుంటే, మావాడు మాత్రం హీరోకి చదువు పూర్తయినందుకు అమ్మానాన్నలిచ్చిన ఎర్రకారు దగ్గరే ఆగిపోయాడు. టాపులేని చిన్న ఆల్ఫా రోమియో స్పైడర్. "ఒరేయ్, ఎప్పటికైనా మనిద్దరం దాంట్లో ఆ వంతెన దాటాలిరా" అన్నాడు. అప్పుడు మాకిద్దరికీ కలిపి ఒక సైకిలుండేది.

యిప్పుడా కారు అమ్మకానికి దొరికింది. ఓక్లండ్‌లో వుండే ఓ ఇటాలియన్ పెద్దాయనది. 1967 మోడలు. మోకాళ్లు సహకరించక, అంత కిందికి దిగి కూర్చోలేక అమ్మేస్తున్నాడు. షెడ్డులో ముసుగేసి దాచుకునేవాళ్లకి మాత్రం యివ్వనన్నాడట.

ఆదివారం పొద్దున్నే అందరం వాన్‌లో బయల్దేరాం. చెల్లెమ్మ తరఫు వకీలుగా నేను.

వకీలు మొదటి చూపులోనే సగం ఓడిపోయాడు. తెరమీద చూసినదానికంటే చిన్నది. పొడవు నాలుగుంబావు మీటర్లు, బరువు టన్ను లోపే. ముందునుంచి వెనక్కి పక్కలమ్మట ఓ లోతైన గాడి పరుగెడుతుంది. ఎవరో మెత్తటి మట్టిమీద బొటనవేలితో గీసినట్టుంటుంది. అన్నిటికన్నా తోక చూడాలి. పడవ అడుగులా గుండ్రంగా సన్నబడిపోతుంది. ఇటలీవాళ్లు ముద్దుగా "ఓస్సో దీ సెప్పియా" అన్నారు. మన మందుల కొట్లో "సముద్రపు నురుగు" అని అమ్ముతారే, చిలకల పంజరంలో పెడతారే, అదే! పెద్దాయన ఆ మాట చెబుతూ తోకమీద అరచేయి నిమిరాడు. దూడ వీపు నిమిరినట్టు.

దీన్ని తీర్చింది పినిన్‌ఫరీనా సంస్థ. 1966 మార్చిలో జెనీవా ప్రదర్శనలో పెట్టారు. ఆ సంస్థ స్థాపకుడు బత్తిస్తా పినిన్‌ఫరీనా తర్వాత నెలలోనే కన్నుమూశాడు. ఆయన చేయి పడిన ఆఖరి కారు యిదే. విచిత్రమేమిటంటే, యివాళ మనం కళ్లార్పకుండా చూసే ఆ గుండ్రటి తోక అప్పట్లో చాలామందికి నచ్చలేదు. నాలుగేళ్లు తిరక్కుండానే కోసినట్టు చదును చేసేశారు. ఆ చదును తోకతో, మార్పులు చేర్పులతో కారు 1993 దాకా తయారైంది. అభిమానులు మాత్రం మొదటి తోక కోసమే కొట్టుకుంటారు. నన్నడిగితే వాళ్లదే రైటు.

పేరుకీ ఓ కథ వుంది. కంపెనీ పోటీ పెడితే లక్షకు పైగా చీటీలొచ్చాయి. "డ్యుయెట్టో" గెలిచింది. అంటే యుగళగీతం! తీరా చూస్తే అప్పటికే ఓ తినుబండారానికి ఆ పేరు రిజిస్టరై వుంది. దాంతో కాగితాలమీద "స్పైడర్" అయింది, జనం నోట్లో మాత్రం డ్యుయెట్టోగానే మిగిలిపోయింది.

తాళాలిస్తూ పెద్దాయన రెండు ముక్కలు చెప్పాడు. "యింజను వేడెక్కేదాకా రెండో గేరుని తొందరపెట్టకు. తుప్పు సంగతి నన్నడక్కు." రెండూ నిజమే. ఆ కాలపు ఆల్ఫాల్లో రెండో గేరు కరకరమనడం, అడుగున తుప్పు పట్టడం ప్రపంచమంతా తెలిసిన జబ్బులు. నేనేమో ముందు పెట్రోలు ముల్లు చూశాను. సినిమాలో హీరోకి సరిగ్గా పెళ్లి సమయానికి పెట్రోలయిపోయింది కదా!

మావాడు నడిపాడు, నేను పక్కన. తలుపుమీద మోచేయి పెడితే వేళ్లు రోడ్డుకి అందుతాయేమో అనిపించింది. డాష్‌బోర్డుకి కూడా బయటి ఎర్రరంగే. స్టీరింగు అందాలంటే చేతులు బారచాపాలి, కాళ్లేమో ముడుచుకోవాలి. ఇటలీవాళ్ల కొలతలేమిటో గాని, మావాడు మాత్రం సింహాసనంమీద కూర్చున్నట్టే వున్నాడు. 1570 సీసీ యింజను, నూరు పైచిలుకు గుర్రాల శక్తి, అయిదు గేర్లు, నాలుగు చక్రాలకీ డిస్కు బ్రేకులు. 1966లో చిన్నకారుకి యివి పెద్ద నగలే. గేరు మారినప్పుడల్లా యింజను గొంతు సవరించుకుని కొత్త రాగం ఎత్తుకుంటోంది.

బే బ్రిడ్జి ఎక్కాం. సినిమాలో హీరో బర్క్‌లీలో వున్న అమ్మాయి కోసం యిదే వంతెన పై అంతస్తుమీద దూసుకుపోతాడు, గుర్తుందా? అక్కడే వుంది తమాషా. 1963 నుంచీ పై అంతస్తు బళ్లన్నీ శాన్‌ఫ్రాన్సిస్కో వైపే వెళతాయి. బర్క్‌లీ అటు కాదు, యిటు! పాపం, హీరో ప్రేయసికి దూరంగా పరుగెత్తాడన్నమాట. నికల్స్‌ది తెలివితక్కువతనం కాదనుకుంటాను. బర్క్‌లీ వైపు బళ్లు వెళ్లేది కింది అంతస్తులో. అక్కడ నెత్తిమీద కప్పు. ఎర్రకారుని ఆకాశంలోంచి చూపించాలంటే దారి తప్పించక తప్పదు.

మేం మాత్రం సరైన దారిలోనే శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, తిరుగు ప్రయాణంలో కింది అంతస్తులోకి దిగాం. చీకటి. పైన లారీల రొద, పక్కన బస్సు చక్రం మా చెవి ఎత్తున. టాపులేని కారులో కూర్చుని చూడ్డానికేమీ లేదు. చెల్లెమ్మ వాదనలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. పిల్లలు, వానలు, తుప్పు, ఖర్చు... చెప్పడానికి నోరు తెరిచాను కూడా. యెర్బా బ్యూనా దీవి సొరంగం దాటగానే ఒక్కసారిగా ఆకాశం మీద పడింది. అటువైపు సగం వంతెన కొత్తది, 2013 సెప్టెంబరులో తెరిచారు. దాంట్లో అంతస్తుల్లేవు, రెండు దారులూ పక్కపక్కనే. తెల్లటి స్తంభం, ఎండ, ఉప్పుగాలి. మావాడు మూడో గేరులోకి దించి తొక్కాడు. తెరిచిన నోరు అలాగే మూశాను.

పెద్దాయన యింటిముందు ఆగేసరికి చెల్లెమ్మ గుమ్మంలోనే వుంది.

"చెప్పారా అన్నయ్యా?"

నేను గాలికి రేగిన జుట్టు సర్దుకుంటూ వుండిపోయాను. ఆవిడ నన్నోసారి, వాణ్ణోసారి చూసి, కారు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసింది. తోక దగ్గర ఆగి, పెద్దాయనలాగే అరచేయి ఆనించింది.

"మీరు జరగండి, నేను నడుపుతాను" అంది మొగుడితో. "ఒక్క రౌండే. పిల్లల్ని కాస్త చూస్తారా అన్నయ్యా?"

ఒక్క రౌండు అరగంటయింది. పేవ్‌మెంటు అంచున యిద్దరు పిల్లల మధ్య కూర్చున్నాను. వాన్ తాళాలు మావాడి జేబులోనే వుండిపోయాయి. మూడు వీధులవతల మూడో గేరు పడిన చప్పుడు వినబడింది. యిటు కాదు, యింకా దూరంగా పోతోంది.

పెద్దవాడు నా చెయ్యి లాగాడు. "మామయ్యా, వాళ్లు రాకపోతే మనమెలా వెళ్తాం?"

"బస్సులో నాన్నా" అన్నాను. ఆ సినిమాలో ఆఖరికి హీరో హీరోయినూ ఎక్కింది కూడా అదే మరి!