అరకులో ఒక రాత్రి

కాలిఫోర్నియాలో ఉన్న మా పెదనాన్న కొడుకు నాపా వ్యాలీ ఫొటోలు పెడుతుంటాడు. కొండలు, ద్రాక్షతోటలు, మధ్యలో హోటల్. "తోటలు చూడ్డానికి డబ్బులు కడతారంట్రా?" అని అమ్మ నవ్వేది. మాచవరంలో మాకున్నది మిరపతోట.

ఒక వెబ్‌సైట్ చేసిపెడితే వచ్చిన నా మొదటి సంపాదనతో, డిసెంబర్‌లో అమ్మని అరకు తీసుకెళ్ళా. అక్కడ ద్రాక్ష బదులు కాఫీ. 2017లో పారిస్‌లో అరకు కాఫీ షాపు కూడా తెరిచారు, 2019లో జీఐ ట్యాగ్ వచ్చింది. వైన్ బదులు జీలుగు కల్లు అనుకోండి (అమ్మ ముందు ఆ మాట ఎత్తలేదు). రిసార్ట్‌లో రూము 4,500. అమ్మకి 1,500 అని చెప్పా.

బాల్కనీలో కూర్చుని పొగమంచు చూస్తుందనుకున్నా. కిందకి దిగి, సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ పండ్లు కోస్తున్న ఒకామె పక్కన నిలబడింది. "ఎర్రగా పండినయ్యే ఏరి కొయ్యాలా? మా మిరపకాయా అంతే!" కాసేపటికి తనూ కోస్తోంది. మిగతా గెస్టులు చూస్తున్నారని నేను దూరంగా జరిగి ఫోన్ చూసుకున్నా. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది.

చెకౌట్ అప్పుడు బిల్లు అమ్మ చేతికే ఇచ్చారు. చూసింది, ఏమీ అనలేదు.

ఇప్పుడు ఊళ్ళో మిరప కోతలు. రాత్రి ఫోన్ చేసి చెప్పింది: "ఇయ్యాల పన్నెండు మంది కూలీలొచ్చార్రా. నీ అరకు రూము, ఒక రాత్రి."