బెజవాడ ఎండ... బానెట్ మీద మచ్చ!

బెజవాడ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది! బ్రిటిష్ వాళ్లే ఈ ఊరిని 'బ్లేజ్‌వాడ' అన్నారని చెబుతుంటారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్నది మన సామెత. రోళ్ల సంగతేమో గానీ, ఆ ఎండ కార్లను ఏం చేస్తుందో చూడాలంటే మాత్రం ఒకసారి ఆటోనగర్ వెళ్లి రావాలి.

బెంజ్ సర్కిల్ దాటి బందరు రోడ్డు మీద పటమట వైపు వెళ్తే ఆటోనగర్ గేటు వస్తుంది. 'ఆటోనగర్ సూర్య' సినిమా చూసినవాళ్లకి ఈ పేరు కొత్త కాదు. 1960ల్లో మొదలైన జవహర్ ఆటోనగర్ ఇది. లోపల ఓ చోట లారీ బాడీలు కడుతుంటారు, ఇంకో చోట ఇంజన్లు విప్పి పెట్టుకుని కూర్చుంటారు, మరో చోట పాత స్పేర్ పార్టుల గుట్టలు. సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మెరుపులు దాటుకుంటూ పోతే థిన్నర్ వాసన ముక్కుకి తగులుతుంది. పెయింటింగ్ షెడ్ల దగ్గరికి వచ్చేశారన్నమాట.

షెడ్ల ముందు ఆగిన కార్లని కాస్త గమనించండి. కొన్నిటికి సొట్ట ఉండదు, గీత ఉండదు. డోర్లు నిగనిగలాడుతుంటాయి. టాప్, బానెట్, డిక్కీ మీద మాత్రం పాలిపోయిన మచ్చలు. ఎండకి కమిలిన వీపు మీద పొట్టు లేచినట్టు పొరలు ఊడి ఉంటాయి. మధ్యాహ్నం సూర్యుడు నేరుగా పడేది వాటి మీదే మరి.

నిజానికి అక్కడ ముందు ఊడేది రంగు కాదు. ఇప్పటి కార్లకి రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన గాజులా కనిపించే క్లియర్ కోట్ ఉంటాయి. మెరుపంతా ఆ పై పొరదే. మందం మామూలుగా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుకే 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, ఇక ఊహించుకోండి! ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలను పీల్చుకునే రసాయనాలను ఆ పొరలోనే కలుపుతారు. కారుకి సన్‌స్క్రీన్ లాంటిది. కాకపోతే మనం రోజూ కొత్తగా రాసుకుంటాం, కారుకి ఫ్యాక్టరీలో ఒక్కసారే రాస్తారు. ఏళ్ల తరబడి ఎండలో అది ఖర్చయిపోతుంది. ఆ తర్వాత పొర పెళుసెక్కి, పగిలి, కింది రంగుని వదిలేస్తుంది.

'పాలిష్ పెడితే సరిపోద్దా బాబాయ్?' షెడ్లలో తరచూ వినిపించే ప్రశ్న ఇది. పాత అంబాసిడర్ల కాలంలో అయితే సరిపోయేది. అప్పటి మామూలు రంగుల మీద క్లియర్ కోట్ ఉండేది కాదు. వెలిసిన పై పొరని రబ్బింగ్ కొట్టి తీసేస్తే కింద అదే రంగు మళ్లీ బయటపడేది. ఇప్పటి బండికి రబ్బింగ్ కొట్టిన ప్రతిసారీ ఆ 40 మైక్రాన్లలోంచే కొంత పోతుంది. మెరుపు వస్తుంది, ఆయుష్షు తగ్గుతుంది. ఇక పొర లేచాక పాలిష్, వ్యాక్స్, సిరామిక్ కోటింగ్... ఏదీ దాన్ని మళ్లీ అతికించలేదు. వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ మళ్లీ కొట్టాల్సిందే. కొత్త రంగు పక్క ప్యానెల్‌తో కలవడం ఇంకో తలనొప్పి. మెటాలిక్ రంగులకైతే మరీనూ.

ఇది సోకు గొడవేలే అనుకోకండి. పగలంతా స్టాండులో ఎండలో నిలబడే క్యాబ్ షెడ్డుకొస్తే, అన్ని రోజులూ డ్రైవర్ అన్నకి సంపాదన ఉండదు. ఈఎంఐ మాత్రం ఆగదు. సెకండ్ హ్యాండ్ కారు కొనే కుర్రాళ్లకీ ఇదే దెబ్బ. మసకబారిన క్లియర్ కోట్ తడిగా ఉంటే మెరిసిపోతుంది. అందుకే కడిగిన వెంటనే బండి చూడొద్దు. ఆరాక, పగటి వెలుగులో, ముందు టాప్ చూడండి.

మరి కాపాడుకోవడం ఎలా? అన్నిటికన్నా చౌక మందు నీడ. చెట్టు నీడైనా మంచిదే, కానీ పిట్ట రెట్ట, జిగురు పడితే ఆలస్యం చేయకుండా నానబెట్టి తుడిచేయాలి. వేడికి మెత్తబడిన పొరలోకి రెట్ట తినేసుకుపోతుంది. దుమ్ము మీద పొడి గుడ్డ వేసి రుద్దితే ఎమరీ పేపర్‌తో రుద్దినట్టే. ముందు నీళ్లు కొట్టాలి. అదీ పొద్దున్నే. మిట్టమధ్యాహ్నం కడిగితే బోరు నీళ్లు అక్కడికక్కడే ఆరిపోయి ఉప్పు మరకలు మిగులుస్తాయి. దుమ్ము బండి మీద కవర్ కప్పినా గీతలే. రెండు మూడు నెలలకోసారి వ్యాక్స్ పెడితే మంచిది. సిరామిక్ కోటింగ్ వేయిస్తే మురికి తేలిగ్గా వదులుతుంది, కానీ నీడ చేసే పని అది చేయదు.

ఈ ఆదివారం కారు కడిగి ఆరాక టాప్ మీద ఓసారి చెయ్యి వేసి చూడండి. నున్నగా ఉండి కాస్త మసకబారితే ఇంకా టైముంది. అంచున తెల్లగా పొర లేచిందా... ఆటోనగర్ గేటు ఎక్కడో ఇప్పుడు మీకు తెలుసుగా!