మా ఇంటి పెత్తందారు

మా ఇంట్లో పెత్తనం ఎవరిదన్న సంగతి ముప్పైనాలుగేళ్ళ కాపురంలో ఇంతవరకూ తేలలేదు. నాదేనని నేను అనుకుంటాను. అల్లా అనుకోనివ్వడం మా ఆవిడ మంచితనం. ఈ తగవు తీర్చడానికా అన్నట్టు క్రిందటి వేసవిలో అరచేతిలో ఇమిడే నల్లపెట్టె ఒకటి మా ఇంటికి వచ్చింది. దాని పేరు కంట్రోలరు. చెప్పొద్దూ, పెత్తందారనే దాని అర్థం.

మాది రాజమహేంద్రవరంలో తాతలనాటి ఇల్లు. గానుగ సున్నంతో కట్టిన గోడలు, ఒక్కొక్కటి మూరెడు మందం. ఎండాకాలంలో లోపల చల్లగా ఉంటుంది, నిజమే. కాని ఆ గోడలు ఎండనెల్లా ఆపుతాయో వైఫై తరంగాల్నీ అల్లాగే ఆపుతాయి. వీధిగదిలోని రౌటరు నుంచి బయల్దేరిన తరంగం హాలు గోడ దాటేసరికి ఆయాసపడేది. వంటింటికి వచ్చేసరికి ఊపిరి వదిలేది. పెరటివైపు గదిలో మా నాన్నగారుంటారు. అక్కడిదాకా అది ఏనాడూ వెళ్ళలేదు.

పూనాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి ఈ గొడవ చెప్పుకున్నాను. వీడియోలో మాట్లాడుతుంటే నా ముఖం సగంలో ఆగిపోవడం చూసి చూసి వాడికీ విసుగెత్తింది.

“నాన్నా, ఒక్క రౌటరుతో నీ ఇల్లు లొంగదు. మూడు చోట్ల మూడు యాక్సెస్ పాయింట్లు పెట్టించు. వాటన్నిటినీ కనిపెట్టి ఉండడానికి ఓ కంట్రోలరు కొను,” అన్నాడు.

“అది ఉంటే ఇంటర్నెట్టు జోరుగా వస్తుందా?”

“అది ఇంటర్నెట్టుని ముట్టుకోనుకూడా ముట్టుకోదు.”

నాకు అర్థం కాలేదు. తరవాత తెలిసింది. పెళ్ళిళ్ళలో ఓ పెద్దమనిషి ఉంటాడు చూశారూ? పందిట్లో చేతికర్ర పట్టుకు నిలబడి, “అటు పులుసు పట్టుకెళ్ళు, ఇటు మంచినీళ్ళు,” అంటూ ఉంటాడు. ఆయన చేతికి గరిటె అంటదు. విస్తళ్ళలో మాత్రం అన్నీ వేళకు పడుతూ ఉంటాయి. కంట్రోలరు అటువంటిది. వార్త మోసేవి వేరు; ఏది ఎల్లా మొయ్యాలో చెప్పేది ఇది. ఇంకో విశేషం కూడా ఉంది. పెద్దమనిషి కునుకు తీసినా వడ్డన ఆగనట్టే, ఈ పెట్టె ఆపేసినా యాక్సెస్ పాయింట్లు పని మానవు. చివరగా ఇచ్చిన ఆజ్ఞ ఏదో దాన్నే పాటిస్తూ ఉంటాయి. ఈ మాట మీరు గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

సరే, సరంజామా వచ్చింది. మూడు తెల్లని పళ్ళాలు, ఓ స్విచ్చి, ఈ నల్లపెట్టె, కట్టలు కట్టలుగా నీలం తీగలు. ఒకటి హాల్లో, ఒకటి మేడమెట్ల దగ్గర, ఒకటి నాన్నగారి గది బయట వసారాలో బిగించాం. ఈ స్విచ్చిలో ఓ సొగసు ఉంది. వార్త వెళ్ళే తీగలోనే కరెంటు కూడా వెడుతుంది. 2003లో ఏర్పడ్డ ప్రమాణం ప్రకారం ఒక్కొక్క తీగకి 15.4 వాట్ల దాకా ఇస్తుంది. అంచేత పళ్ళెం పెట్టినచోటల్లా ప్లగ్గు కోసం గోడ తవ్వనక్కరలేదు. తీగ పొడుగు మాత్రం నూరు మీటర్లు దాటకూడదు. మా ఇల్లు ఎంత పాతదైనా అంత పెద్దదేం కాదు.

మా నాన్నగారు వసారాలో పడకకుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్నారు. ఆయన తంతి ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఎనభయ్యారేళ్ళు. మన దేశంలో తంతి సేవ 2013 జూలై 15 నుంచి ఆగిపోయింది. ఆ రోజు ఆయన భోంచెయ్యలేదని మా అమ్మ తరవాత చెప్పింది.

“ఒరే అబ్బాయ్, ఒకే తీగమీద వార్తా, కరెంటూనా? బాగుందిరా,” అన్నారు. అంతకంటే మాట్లాడలేదు. మా అమ్మ పోయిన ఈ ఏడాదిన్నర నుంచీ ఆయన మాటలు బాగా తగ్గిపోయాయి.

ఆ సాయంత్రం పూనాలో అబ్బాయి ఫోనులో చెబుతూ ఉంటే నేనిక్కడ మీటలు నొక్కాను. ముందు పెత్తందారుకి స్థిరమైన చిరునామా ఇవ్వాలన్నాడు. రౌటరు ఇంట్లోవాటికి చిరునామాలు తనంత తానే పంచుతుందిట; ఇవాళ ఒకటి, రేపు ఒకటి కావచ్చు. యజమాని రోజుకో ఇల్లు మారితే నౌకర్లు ఎక్కడని వెతుక్కుంటారు? అంచేత 192.168.1.10 అన్న అంకె రౌటరులో దానికే అట్టే పెట్టాం. తరవాత దేశం పేరు అడిగింది. ఏ దేశంలో ఏ తరంగాలు వాడవచ్చునో దాన్నిబట్టే తెలుసుకుంటుందిట. గడియారం కూడా మన దేశానిదే పెట్టమన్నాడు.

“లేకపోతే రాత్రి రెండింటికి జరిగింది ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకి జరిగినట్టు రాసుకుంటుంది, నాన్నా.”

“రాత్రి రెండింటికి మనింట్లో ఏం జరుగుతుందిరా? అందరం నిద్రపోతాం,” అని నవ్వాను.

ఆ పైన దత్తత. నేను కల్పించిన మాట కాదు. ఆ యంత్రం భాషలోనే దానికి ఆ పేరు. కొత్త పళ్ళేన్ని పెత్తందారు చేరదీసుకోవడాన్ని దత్తు తీసుకోవడమే అంటారు. రెండు పళ్ళేలు బుద్ధిగా దత్తు వచ్చాయి. మూడోది రానంది. మావాడి స్నేహితుడు వాడి వదిలేసింది చవగ్గా వచ్చిందని కొన్నాం. అది ఇదివరకే వేరొక పెత్తందారుకి దత్తు వెళ్ళిందిట! ఒక గోత్రానికి ఇచ్చేసిన పిల్లవాణ్ణి మళ్ళీ ఇంకొకరు ఎల్లా తీసుకుంటారు? చివరికి దాని వెనకనున్న సన్నబెజ్జంలో మా ఆవిడ పిన్నీసు దూర్చి, దీపం మారేదాకా నొక్కిపట్టాను. దాంతో పాత వాసనలన్నీ మర్చిపోయి, అప్పుడే పుట్టినదానిలా దత్తతకి తలవంచింది.

పాత వైఫై పేరూ, పాత రహస్యపదమూ అల్లాగే ఉంచాం. అంచేత ఇంట్లోవాళ్ళెవరూ తమ ఫోనుల్లో మళ్ళీ ఏమీ కొట్టనక్కర లేకపోయింది. మేడమీద అద్దెకున్నవాళ్ళకి వేరే పేరుతో అతిథుల దారి వేశాం. మూడు పళ్ళేలూ ఒకదాని కేక ఒకదానికి అడ్డు రాకుండా ఒకటి, ఆరు, పదకొండు నంబర్ల ఛానళ్ళు పంచిపెట్టాం. రాత్రి తొమ్మిదింటికి వంటింట్లో మా ఆవిడ చేతిలో ఫోను జోరుగా పలికింది. “ఫరవాలేదే!” అంది. మా ఇంట్లో ఇంతకంటే పెద్ద బిరుదు లేదు.

అంతటితో ఆగితే ఈ కథే లేదు. కాని పెత్తనం రుచి చూశాక ఎవరాగుతారు చెప్పండి? పొద్దున్నే కాఫీ త్రాగుతూ పత్రిక చూడడం మానేసి, ఆ పెట్టె చూపించే పట్టీ చూడడం మొదలుపెట్టాను. ఇంట్లో ఏయే యంత్రం ఎన్ని గంటలకి మేలుకుంది, ఎంతసేపు వాడారు, ఏ పళ్ళేన్ని పట్టుకు వేళ్ళాడుతోంది, అన్నీ అందులో ఉంటాయి. మా ఆవిడ మధ్యాహ్నం తన చెల్లెలితో గంటా పది నిమిషాలు మాట్లాడిందని చెప్పాను. ఆవిడ నాకేసి చూసిన చూపుకి ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు.

నాలుగో రోజు పట్టీలో ఒక అజ్ఞాతవ్యక్తి కనిపించాడు. పేరు లేదు, చేసిన కంపెనీ పేరూ లేదు. పన్నెండు అంకెలూ అక్షరాలూ కలిసిన ఓ గుర్తు మాత్రం ఉంది. మూడు రాత్రులుగా సరిగ్గా రెండింటికి రావడం, నాలుగు దాకా ఉండడం, వెళ్ళిపోవడం! దొంగ కాక మరెవరు? ప్రక్కింటి కుర్రాడెవడో మన రహస్యపదం కాజేసి సినిమాలు చూస్తున్నాడని నిశ్చయించాను. ఆ పేరుమీద వేలుపెడితే ‘నిషేధించు’ అన్న మీట కనిపించింది. నొక్కాను. ఎంత హాయిగా ఉందనుకున్నారు! కోటగుమ్మం మూయించిన రాజులా కాఫీ పూర్తిచేశాను.

ఆ రాత్రినుంచి అజ్ఞాతవ్యక్తి జాడ లేదు. ఆ సంగతే నేను మర్చిపోయాను.

అయిదో రోజు మా ఆవిడ వత్తులు చేసుకుంటూ అంది: “ఏమండీ, మామయ్యగారికి ఒంట్లో ఎల్లా ఉందో ఓసారి అడగండి. నాలుగు రాత్రులనుంచి వసారాలో చీకట్లో ఒక్కరూ కూర్చుంటున్నారు.”

“చీకట్లోనా? ఎన్నింటికి?”

“రెండు దాటాక. ఎప్పుడూ మేలుకునే ఉంటారుగా. ఇదివరకు హాల్లో బల్లమీద కూర్చుని, చెవిలో ఆ తీగ పెట్టుకుని, మనవడిచ్చిన పలకమీద నాటకాల పద్యాలు వినేవారు. మొన్న మీరు ఆ పళ్ళెం పెట్టించాక తన గదిలోనే వినపడుతోందని ఎంత సంతోషించారో! మళ్ళీ ఏమైందో మరి.”

నా చేతిలో కాఫీ చల్లారిపోయింది. అబ్బాయికి ఫోను చేశాను. ఇప్పటి ఫోనులూ పలకలూ తమ అసలు గుర్తు చెప్పవుట. ఆండ్రాయిడ్‌లో 2019 నుంచి, ఐఫోనుల్లో 2020 నుంచి, ఒక్కొక్క వైఫైకి ఒక్కొక్క మారుగుర్తు చూపించే ఏర్పాటు వచ్చింది. దారినపోయేవాళ్ళు మనల్ని వెంటాడకుండా అదో రక్ష. ఆ గుర్తులో రెండో అక్షరం 2, 6, ఏ, ఈ లలో ఏదైనా అయితే అది మారుగుర్తని తెలుసుకోవచ్చునన్నాడు. చూశాను. ఆరు.

నిషేధం ఎత్తేసి పెరటి గదిలోకి వెళ్ళాను. పలక బల్లమీద గుడ్డ కప్పి ఉంది.

“నాన్నగారూ, ఇది పలకడం లేదని నాకు చెప్పలేదేం?”

“పాతదైపోయిందేమో అనుకున్నానురా.”

“మీరు తంతి ఆఫీసులో పనిచేశారు గదా. లైను తెగితే వెంటనే చెప్పాలని మీరే అనేవారు.”

ఆయన కాసేపు కిటికీలోంచి చూశారు. “ఉద్యోగంలో ఉన్నవాడు చెప్పాలి. రిటైరయినవాడు ఎవరికి చెబుతాడు?” అన్నారు. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. అందుకే నాకు తగిలింది.

“రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదా?”

“పడుతుంది. రెండింటికి మెలుకువ వచ్చేస్తుంది. మీ అమ్మకి ఆ వేళకే గదా మందు వెయ్యాలి. ఇప్పుడు అక్కరలేదని వంటికి తెలియదు.”

నేనేం మాట్లాడను? రెండేళ్ళపాటు ఆయన అల్లా లేచి మందిచ్చారనైనా నాకు తెలియదు. నర్సు వేస్తోందనుకున్నాను. ఆ నర్సు రాత్రి తొమ్మిదింటికే వెళ్ళిపోయేదిట. ఇంట్లో ఏ యంత్రం ఏ గంటకి మేలుకుందో చెప్పగలవాణ్ణి, మనిషి మేలుకున్న సంగతి ఎరగను. పైగా దొంగనుకుని తలుపు వేశాను.

జరిగింది చెప్పాను. నేనే ఆపానని ఒప్పుకున్నాను. ఆయన నవ్వారు; చాలాకాలానికి విన్నానా నవ్వు.

“పేరులేని తంతి వస్తే మేమూ అనుమానించేవాళ్ళం లేరా. కాని చింపేసేవాళ్ళం కాదు. ముందు విచారించేవాళ్ళం.”

ఆ రోజే పట్టీలో ఆ మారుగుర్తు ఎదుట ‘నాన్నగారు’ అని పేరు కొట్టాను. మా ఆవిడ ఎదుట మాత్రం పెత్తనం మాట ఎత్తడం లేదు. నాలుగు రాత్రుల సంగతి ఆవిడకి ఏ పెట్టె చెప్పింది గనక?

పట్టీ ఇప్పుడూ చూస్తాను గాని, పొద్దున్న కాదు. ఎప్పుడైనా రాత్రి మెలుకువ వస్తే చూస్తాను. ఆయన పేరు ప్రక్కన పచ్చచుక్క వెలుగుతూ ఉంటే లేచి, రెండు గ్లాసుల్లో పాలు వెచ్చబెట్టుకుని పెరటి గదికి వెడతాను. ఆయన చెవిలోంచి ఒక తీగ తీసి నాకిస్తారు. ఒక పద్యం అయ్యాక, “వెళ్ళి పడుకోరా, పొద్దుపోయింది,” అంటారు.

“మీరో?” అంటాను.

“నాకింకా డ్యూటీ ఉంది,” అంటారు.