ఆకు లేని వసంతం

మా ఊళ్ళో వసంతం పంచాంగానికి ముందే వచ్చేది. శివరాత్రికి మోదుగు తొలి పూలు పూసేది, కాముని పున్నమికి చెట్టంతా పూసేది, ఉగాది పచ్చడి తినే నాటికి సగం పూలు నేలమీద నల్లబడి ఉండేవి. లెక్క ప్రకారం ఆ పూత కాలమంతా మాఘ ఫాల్గుణాలు, అంటే శిశిర ఋతువు. వసంతం మొదలైందని అయ్యగారు పంచాంగం చదివి చెప్పే రోజుకి మా వసంతం ముగింపుకొచ్చేది.

ఊరు ఖానాపూర్. అప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016లో జిల్లాలు విడగొట్టాక నిర్మల్ జిల్లా. దక్షిణాన గోదావరి, ఉత్తరాన గుట్టలు, వాటి మీద టేకు అడవి. నది వైపు సదర్మాట్ కాలువ కింద వరి మడులుంటాయి కాబట్టి ఎప్పుడూ పచ్చగానే ఉండేది. అడవి వైపు చూస్తే మాత్రం మాఘమాసానికి ఒక్క ఆకు ఉండేది కాదు.

మా బాపు తెలుగు పంతులు. ఎనిమిదో తరగతికో తొమ్మిదో తరగతికో వసంత వర్ణన పాఠం ఉండేది: లేత చిగుళ్ళు, మామిడి పూత, కోయిల, తుమ్మెదలు. బడి కిటికీలోంచి చూస్తే బోసి కొమ్మలు, ఎర్రటి దుమ్ము. నేను లేచి అడిగాను, మన దగ్గర వసంతం రాదా అని. పిల్లలు నవ్వారు. బాపు నవ్వలేదు. "ఆదివారం పోదాం, చూపిస్త" అన్నాడు. బళ్ళో నేను ఆయనకి బిడ్డను కాదు, పేరు పెట్టి పిలిచేవాడు. ఆ ఒక్కసారి మాత్రం "చూపిస్త బిడ్డా" అన్నాడు, తరగతి అంతా వినేలా.

అలా మొదలయ్యాయి మా నడకలు. ఊరికే నడవడం అనేది మా ఊళ్ళో అనుమానించదగ్గ పని. అడవికి పోయేవాడు కట్టెకో, ఆకుకో, తేనెకో, పశువు తప్పిపోతేనో పోవాలి. చెరువు కట్ట మీద ఎవరో ఒకరు ఆపేవాళ్ళు.

"ఏడికి పోతున్నరు సారూ?"

"పూలు చూసొద్దామని."

"ఏం పూలు? దేవునికా?"

"లేదు, ఉత్తగనే చూస్తందుకు."

వాళ్ళు నా మొహం వైపు, ఆయన మొహం వైపు చూసి, మర్యాద కొద్దీ తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. మా అవ్వకు ఈ 'ఉత్తగనే' అనే మాట పడేది కాదు. అందుకే ఒక గోనెసంచి తీసుకుని తనూ వెంట వచ్చేది. ఏదో ఒకటి తేకపోతే నడిచిన కాళ్ళకు కూలి గిట్టదని ఆమె లెక్క.

ఎండిన టేకు అడవిలో నడవడమంటే ముందు చెవులతో నడవడం. ఒక్కో ఆకు పెద్దది, గరుకుది. రాలి పొరలు పొరలుగా పడుంటుంది. అడుగు వేస్తే విరిగిన చప్పుడు అవతలి గుట్ట దాకా వినిపిస్తుంది. బల్లి పరిగెత్తినా పంది పరిగెత్తినట్టే ఉండేది. నీళ్ళు దొరకని కాలంలో ఆకు ఉంటే దాని గుండా తడి పోతుంది, అందుకే చెట్టు ఆకు వదిలేస్తుందని బాపు చెప్పేవాడు. టేకుకు పూత వానాకాలంలో. తెల్లగా, చిన్నచిన్నవిగా, ఎవరూ తలెత్తి చూడని పూలు. అంటే ఎండాకాలం మొదట్లో ఆ అడవి యజమాని నిద్రలో ఉంటాడు. మధ్యమధ్య ఉన్న వేరే చెట్లు ఆ సందు చూసుకుని పూస్తాయి.

మొదట కనబడేది మోదుగు. చెట్టు చూడ్డానికి ఏమంత అందం ఉండదు. వంకర మాను, గరుకు బెరడు, ఎటు పడితే అటు మెలి తిరిగిన కొమ్మలు. ఆ కొమ్మల చివర ముందు ముదురు గోధుమరంగు మొగ్గలు గుత్తులుగా వస్తాయి. వాటి మీద వేలితో రాస్తే మఖమల్ గుడ్డ తగిలినట్టుంటుంది. ఆ ముదురు తొడుగుల్లోంచి నారింజ రంగు రేకులు బయటికొస్తాయి. ఒక రేకు కిందికి వంగి అచ్చం చిలక ముక్కే. చిలకలు కూడా అదే చెట్టు మీద వాలేవి, ఏది పువ్వో ఏది ముక్కో చూడమని బాపు నాకు పరీక్ష పెట్టేవాడు. గోరింకలు, తేనెపిట్టలు, ఉడుతలు, అందరికీ అక్కడే పని. పువ్వు లాగి అడుగు నాకితే ఒక బొట్టు తీపి తగిలేది.

వాసన మాత్రం ఉండదు. ఇంత పువ్వుకు వాసన లేకపోవడం నాకు చాలా రోజులు అన్యాయంగా తోచింది. పిట్టలు వాసన పట్టి రావు, రంగు చూసి వస్తాయి, మరి దానికి అత్తరు ఖర్చెందుకు అన్నాడు బాపు. ఆకు లేకపోవడం కూడా అందుకే కలిసొచ్చింది. "ఆకులుంటే నీకీ పువ్వు ఇంత దూరం నుంచి కనబడునా?" అని అడిగాడు. ఋతుసంహారంలో కాళిదాసు కూడా వసంతం దగ్గర మోదుగును వదిలిపెట్టలేదని, పాఠ్యపుస్తకం వేసినవాళ్ళే వదిలేశారని ఆయన ఫిర్యాదు. పుస్తకాలు వేసేవాళ్ళు మామిడితోట పక్కన ఇళ్ళు కట్టుకుని ఉంటారని నా అభిప్రాయం. ఇప్పటికీ అదే.

మోదుగు పూసిన అడవికి నిప్పంటుకుందని రాయడం మామూలు. నేను రాయలేను. ఆ రోజుల్లో అక్కడ నిజంగానే నిప్పు అంటుకునేది. రాత్రి మిద్దె మీద పడుకుంటే గుట్ట మీద సన్నని ఎర్ర గీత పాకుతూ కనబడేది. రాలిన ఆకు అంటుకుని కాలుతూ పోయేది. తెల్లారి గాలిలో బూడిద వాసన వచ్చేది. ఆ రెండు ఎరుపులూ ఒకటి కావని మా ఊరి పిల్లలెవరికైనా తెలుసు.

బూరుగు దారి వేరు. అది ఎత్తు చెట్టు. చిన్న వయసు మానుకు నిలువెల్లా ముండ్లు. "చెయ్యి పెట్టకు బిడ్డా, దిగితె ఊడి రావు" అని అవ్వ ప్రతిసారీ చెప్పేది, ప్రతిసారీ నేను పెట్టేదాన్ని. పూలు ఎర్రగా, మందంగా, అరచెయ్యంత ఉంటాయి. రాలితే దబ్బుమని చప్పుడొస్తుంది. పైన కొండముచ్చులు కూర్చుని సగం తిని సగం పడేసేవి. అడవి లోపలికి వెళ్తే ఆ పడ్డ పూల కోసం దుప్పులు వస్తాయని, కొండముచ్చు ఉన్న చెట్టు కింద దుప్పి ఉంటుందని పశువులు కాసేవాళ్ళు చెప్పారు. మేం అంత లోపలికి పోలేదు. మా అవ్వ చూపు పూల మీద కాదు, రెండు నెలల తర్వాత పగిలే కాయల మీద. దిండ్లలోకి ఆ దూదే కావాలి ఆమెకు.

కొండగోగును నేను ఎక్కువగా బస్సులోంచే చూశాను. ఆదిలాబాద్ వెళ్ళాలంటే నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కాలి. మలుపు మలుపుకీ రాతి గుట్టల మీద ఒక్క ఆకు లేని సన్నని చెట్టు, దాని కొసలకు పసుపు గిన్నెలంత పూలు. మట్టి లేని చోట, బండ సందులో, ఎవరూ అడగకుండా పూసేది. ఆ చెట్టు జిగురును గిరిజన సహకార సంస్థ కొంటుంది. అదే గుట్టల మీద తెల్లగా మెరిసే మాను తపసి, దాని జిగురుకు ఇంకా మంచి ధర. ఘాట్ ఎక్కేటప్పుడు డ్రైవర్ గేర్ మార్చిన మోత, వాంతి వస్తుందేమోనని అమ్మ చేతిలో పట్టుకున్న నిమ్మకాయ, బయట ఆ పసుపు. నిమ్మకాయ వాసన వస్తే నాకు ఇప్పటికీ ఆ పువ్వే గుర్తొస్తుంది. దానికి అసలు వాసన ఉందో లేదో దగ్గరికెళ్ళి చూసింది లేదు.

శివరాత్రికి సదర్మాట్ పోయేవాళ్ళం. నిజాం కాలంలో గోదావరి మీద కట్టిన ఆనకట్ట అది. మా కాకా ఎడ్లబండి కట్టేవాడు. తెల్లారకముందే బయల్దేరితే దారిలో చలి, నది దగ్గరికొచ్చేసరికి ఎండ. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందనే మాట ఆ బండి ప్రయాణంలోనే రుజువయ్యేది. ఆడవాళ్ళు స్నానాలు చేసి ఒడ్డున సైకత లింగం చేసి, మోదుగు పూలు పెట్టేవాళ్ళు. ఉపవాసం వాళ్ళది, అటుకులు మావి.

ఇక అసలు పండుగ కాముని పున్నమి. అంతకు తొమ్మిది రోజుల ముందు నుంచే కోలలు పట్టుకుని పిల్లలు ఇల్లిల్లూ తిరిగి జాజిరి ఆడేవాళ్ళు. ఇచ్చిన పైసలు, బియ్యం, ఒక్కోసారి తిట్లు కూడా తెచ్చుకునేవాళ్ళు. అవ్వ సంచికి అప్పుడు పని పడేది. రాలిన మోదుగు పూలు ఏరి తెచ్చి, వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద గుండిగ పెట్టి, నీళ్ళలో పూలు వేసి సాయంత్రం ఉడికించేది. రాత్రంతా మూతపెట్టి ఉంచేది. పొద్దున పూలు పిండి తీస్తే నీళ్ళు పసుపు మీద నారింజ. అందులో చిటికెడు సున్నం వేస్తే రంగు ఒక్కసారిగా ముదిరేది. ఆ మార్పు చూడ్డానికే నేను పొయ్యి పక్కన కూర్చునేదాన్ని. ఎండలకు ఒంటికి చలువ అని అవ్వ మా నెత్తిన చెంబుతో పోసేది. వెదురు గొట్టంతో చేసిన పిచికారీలు అన్నల చేతుల్లో ఉండేవి. గోండు గూడేల్లో ఇదే పండుగ దురాడి, అక్కడా మోదుగు రంగే. సంతకు వచ్చిన వాళ్ళ తెల్ల ధోవతుల మీద మరకలు చూస్తే ఎవరి గూడెంలో ఆట ఎలా సాగిందో తెలిసిపోయేది. కిరాణా కొట్లో పొట్లాల రంగు రావడం మొదలయ్యాక మా వీధిలో గుండిగలు పొయ్యెక్కడం తగ్గింది. ఆకుపచ్చ, గులాబీ, వెండి. అవి పిల్లలకు కొత్త, నాక్కూడా నచ్చాయి. కడుక్కుంటే పోవని తెలిసింది తర్వాత.

పున్నమి దాటి ఎండ ముదిరితే ఇప్ప. ఈ పువ్వు చూసేది కాదు, ఏరేది. రాత్రిపూట మెత్తని లేత పసుపు తెలుపు రేకులు ఊడి నేల మీద పడతాయి. సూర్యుడు రాకముందే గూడేల ఆడవాళ్ళు, పిల్లలు బుట్టలతో చెట్ల కింద చేరతారు. ఒక్కో చెట్టు ఒక్కో ఇంటివాళ్ళది, ఆ హద్దులు కాగితం మీద ఉండవు గాని ఎవరూ దాటరు. ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకు ఊడ్చి కాల్చేవాళ్ళు కూడా ఉన్నారు. గుట్ట మీది ఎర్ర గీతల్లో కొన్నిటికి కారణం అదే. గుడ్డెలుగులకు ఇప్ప అంటే ప్రాణం కాబట్టి చీకట్లో ఒంటరిగా వెళ్ళకూడదు. మా నడకలు ఇప్ప కాలానికి ఆగిపోయేవి. బాపుకు ఎలుగు అంటే భయం, ఆయన దాన్ని దాచుకోలేదు.

సంతలో మాత్రం దొరికేది. ఎండిన ఇప్పపువ్వు ద్రాక్షలా ముడుచుకుని, పుల్లటి తీపి వాసన వేస్తుంది. బుట్ట ఎక్కడుందో ముక్కు చెబుతుంది. పెద్దవాళ్ళు సారా గురించి గుసగుసలాడుకునేవాళ్ళు, అవ్వ నువ్వులు, బెల్లం వేసి దంచి ముద్దలు చేసేది. ఇప్పుడు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపూల లడ్డూలు చేసి అమ్ముతున్నారు. హైదరాబాద్‌లో డబ్బా తెరిచి తిన్నాను. బాగున్నాయి, అవ్వ ముద్దల కన్నా నెయ్యి ఎక్కువ.

ఆ అడవిలో కొంత భాగం 2012 నుంచి కవ్వాల్ పులుల అభయారణ్యం. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు మార్చి మొదటి వారంలో వెళ్తే మంచిది, పచ్చదనం కోసం వెతక్కపోతే చాలు.

హైదరాబాద్‌లో ఫిబ్రవరి వచ్చిందంటే రోడ్ల పక్కన గులాబీ రంగు టబేబుయాలు పూస్తాయి. అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్లు. జనం బళ్ళు ఆపి ఫొటోలు తీసుకుంటారు. అవీ ఆకు రాల్చే పూస్తాయి, వాటిని ఎవరూ ఎండుచెట్టు అనరు. మా కాలనీ పార్కులో మోదుగు పెడదామంటే మాత్రం మీటింగులో అభ్యంతరాలు వచ్చాయి: ఆకు రాలుతుంది, మాను వంకర, నర్సరీలో దొరకదు. మూడోది నిజమే. ఖానాపూర్ నుంచి మా తమ్ముడు కాయలు పంపాడు. పలచని చదునైన కాయ, కొసన ఒకే ఒక గింజ. పార్కు వెనక గోడ దగ్గర, ఎవరి చూపూ పడని చోట పాతాను. ఇప్పుడు మోకాలెత్తు ఉంది, మూడేసి ఆకుల రెమ్మలు నాలుగైదు.

వాచ్‌మన్ భార్యది ఉట్నూరు దగ్గర పల్లె. మొక్కను చూసిన రోజే గుర్తుపట్టింది.

"మోదుగు కదమ్మా? పూలకైతె చాన ఏండ్లు పడతది," అంది. వంగి ఒక ఆకును వేళ్ళతో కొలిచింది. "ఇస్తారికి మాత్రం జల్దినే వస్తది. కుట్టుడు నాకొస్తది, తెంపేటప్పుడు పిలువురి."