వైఫైకి గడియ

"మన దగ్గర దోచుకుపోవడానికి ఏముందని తాళం?" వైఫై గురించి మా నాయన మాట ఇది. అమ్మ అదే మాట తమిళంలో అంటుంది. మా ఇంట్లో వాదన రెండు భాషల్లో నడుస్తుంది, రౌటర్ మాత్రం ఒక్కటే.

హోసూరులో మా వీధి ఇళ్ళు గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. గోడ మనుషుల్ని ఆపుతుంది గానీ వైఫైని ఆపదు. పక్కింట్లో పదో తరగతి పిల్ల మా వైఫైతోనే చదువుకుంటుంది. అమ్మే పాస్‌వర్డ్ చెప్పింది. అది వాళ్ళన్నకు, ఆయన స్నేహితులకు పాకింది. సాయంత్రమైతే మా మెట్ల మీద ఎవరెవరో ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్ళు. కాలేజీ నుంచి వచ్చి, వాళ్ళను తప్పించుకుని నేను లోపలికి పోవాలి.

పోయేది డబ్బొక్కటే కాదు. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలడానికి కొన్ని నిమిషాల ముందు వచ్చిన ఈమెయిల్, నవీ ముంబైలో ఒక ఇంటి వైఫై మీదుగా వెళ్ళింది. కనెక్షన్ ఎవరి పేరున ఉందో పోలీసులు వాళ్ళనే అడుగుతారు. ఇది చెప్తే నాయన మారుమాట్లాడలేదు.

ఆ ఆదివారం రౌటర్ సెట్టింగులు తెరిచాను. వైఫై పాస్‌వర్డ్ వేరు, రౌటర్‌నే నడిపే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరు. రెండూ మార్చాలి. పాత డబ్ల్యుఈపీ పద్ధతిలో లొసుగులు 2001లోనే బయటపడ్డాయి. కాబట్టి డబ్ల్యుపీఏ2 గానీ, 2018లో వచ్చిన డబ్ల్యుపీఏ3 గానీ పెట్టుకోవాలి. డబ్ల్యుపీఎస్ ఆపేయాలి. దాని 8 అంకెల పిన్‌ను రెండు ముక్కలుగా సరిచూస్తారు గనుక, 11,000 ప్రయత్నాల్లోపే దొరికిపోతుందని 2011లో తేలింది. నెట్‌వర్క్ పేరు దాచితే చాలదు, దాన్ని కనిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి.

పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండొచ్చు. ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు మాటలు చెప్పమని అవ్వను అడిగాను. అందులో రెండు నేనెప్పుడూ వినని తెలుగు మాటలు! అవేమిటో ఇక్కడ రాయను.

"మరి ఆ పిల్ల చదువు?" అంది అమ్మ. నాకూ అదే దిగులు. తాళమంటే పక్కింటి ముఖం మీద తలుపు వేయడం కాకూడదు. గెస్ట్ నెట్‌వర్క్ అని ఒకటుంది, దానికి పాస్‌వర్డ్ వేరే. అందులోకి వచ్చినవాళ్ళకు మా ఫోన్లు, కంప్యూటరు అందవు. దాని పాస్‌వర్డ్ నెలనెలా మార్చి, ఆ పిల్లకొక్కదానికే చెవిలో చెబుతున్నాను.

మెట్ల మీద ఇప్పుడు సాయంత్రాలు మా అవ్వ కూర్చుంటోంది.