కారు కారిన కథ

మన తెలుగున 'కారు' అను మాటకు రెండర్థములు కలవు. ఒకటి ఎక్కి తిరుగునది. రెండవది బొట్టుబొట్టుగా ఒలుకుట. ఈ రెండును ఒక్కచోట కలిసినచో గృహస్థునకు ఎట్టి చిక్కు కలుగునో మాకు అనుభవమునకు వచ్చినది. ఈ సంచిక చదువు మనవారిలో పాతబండ్లు గలవారు అనేకులుందురు గనుక ఆ వృత్తాంతమును మనవి చేయుచున్నాము.

1953లో తుంగభద్ర ఆనకట్ట నీరు వదలిన పిమ్మట కోస్తా జిల్లాల రైతులు వచ్చి సింధనూరు, మాన్వి ప్రాంతములలో క్యాంపులు కట్టుకొనిరి. మా తండ్రిగారు వారిలో ఒకరు. మేము మాత్రము మెట్రిక్కుతో చదువు చాలించి, రాయచూరున గుమాస్తాగిరి చేసి, పింఛను పుచ్చుకొని అచ్చటనే నిలిచితిమి. మా అమ్మాయిని సింధనూరు దగ్గరి క్యాంపులోనే ఇచ్చితిమి. 2022లో మా వియ్యంకులవారు తాము పదమూడేండ్లు వాడిన చిన్నకారును మాకు చౌకగా ఇచ్చిరి.

కొన్ని నెలలకు ఇంజను ప్రక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో కూలెంటు తరుగజొచ్చెను. బండి క్రింద చూడగా నేల పొడిగానే యుండెను. తరిగినంత మేర ఇంటి బోరునీరు పోయుచు వచ్చితిమి. ముప్పదియారేండ్లు జమాఖర్చులు వ్రాసిన మేము జమ వ్రాయుటయే గాని ఖర్చు ఎచ్చట జరుగుచున్నదో విచారింపమైతిమి.

మరుసటి వేసవిలో సింధనూరు పోవుచుండగా, మాన్వి సమీపమున వేడిముల్లు ఎఱ్ఱగీటు తాకెను, ఆవిరి లేచెను. మేము తువాలు చుట్టి రేడియేటరు మూత త్రిప్పబోగా, టీ అంగడివాడు పరుగెత్తి వచ్చి "ముట్టబ్యాడ్రి సార్!" అని మా చేయి పట్టుకొనెను. అతని పుణ్యమున ఈ చేయి నేడు కలము పట్టుచున్నది. బిగించిన మూత లోపలి నీటిని చదరపు సెంటీమీటరునకు సుమారు 0.9 కిలోల అదనపు ఒత్తిడిలో నుంచును. అందుచే అది 100 డిగ్రీలు దాటినను మరుగదు. మూత వదులైనంతనే ఒత్తిడి పోయి, నీరు భగ్గున ఆవిరియై ముఖమునకు కొట్టును.

బండిని చేర్చిన మొదటి షెడ్డులో ఏ పరీక్షయు చేయకయే, "హెడ్ గాస్కెట్ పోయింది సార్, ఇంజన్ విప్పాలి, ముప్పై వేలవుతుంది" అనిరి. వియ్యంకులవారు తెలిసియే అంటగట్టిరని మేము నిశ్చయించుకొంటిమి. ఫోనులో అమ్మాయితో "మీ మామగారు మంచి బండే ఇచ్చారమ్మా!" అని ఎత్తిపొడిచితిమి. ఆ బిడ్డ మారుమాటాడక ఏడ్చెను. మూడు వారములు రాకపోకలు నిలిచిపోయెను. చివరకు మా ఇంటావిడ, "నిజమేదో తేలకుండా పిల్లనెందుకండీ కష్టపెడతారు?" అనెను.

ఆ మాటమీద రాయచూరున ఒక వృద్ధ మెకానిక్కునకు బండి చూపితిమి. పొగగొట్టమున తెల్లపొగ విడువక వచ్చుచున్నదా, ఇంజను ఆయిలు మజ్జిగవలె తెల్లబడినదా, రేడియేటరులో బుడగలు లేచుచున్నవా అని ఆయన అన్నియు చూచెను. ఒక్కటియు లేదు. ఇంజను చల్లగా ఉండగా మూత తీసి, ఆ చోట ముల్లుగల చేతిపంపు బిగించి, 0.9 వరకు గాలి కొట్టెను. ముల్లు మెల్లగా దిగెను. టార్చి వేసి చూడగా, నీటిపంపు అడుగునగల సన్నని రంధ్రమునుండి బొట్టు జారుచుండెను. దాని క్రింద తెల్లని చార కట్టియుండెను.

"లోపలి సీలు అరిగితే తెలియడానికే ఈ రంధ్రం, సార్. నడిచేటప్పుడు ఒత్తిడికి కారుతుంది, ఆ వేడికే ఎగిరిపోతుంది. ఆగి చల్లారితే కారదు. ఇక నేలెలా తడుస్తుంది? ఇంతకీ ఏ నీళ్లు పోశారు?"

బోరునీరని చెప్పితిమి. మన రాయచూరు బోరునీటి సంగతి మరగకాచు గిన్నెల అడుగున పేరుకొను సున్నమే చెప్పును. ఆయన రేడియేటరు దింపగా తుప్పునీరు వచ్చెను. "సీలుకు వయసయింది, నిజమే. కానీ చెమ్మను ధారగా చేసింది ఈ సున్నం, తుప్పూ" అనెను. పంపు మార్చి, లోపల కడిగి, కూలెంటు, డిస్టిల్డు వాటరు సగపాలుగా కలిపి పోసెను. అంతయు ఆరువేలలో ముగిసెను.

బండి కాగితముల సంచిలో పంపు రసీదు దాచబోగా, వియ్యంకులవారి పాత రసీదొకటి కనబడెను. మాకిచ్చుటకు నెల ముందే వారు కొత్త కూలెంటు పోయించిరి. వెనుకవైపు వారి చేతివ్రాత: "బావగారూ, బోరునీళ్లు పోయకండి." కాగితములు చదువుటయే వృత్తిగా బ్రదికిన మేము ఆ ఒక్కదానిని చదువలేదు.

వచ్చిన ఆదివారము క్యాంపునకు పోయి, రసీదు వారి ముందుంచి, మనసులో తలచినదంతయు దాచక చెప్పితిమి. "పోనీలెండి బావగారూ, పోయింది పంపేగదా" అని వారు నవ్విరి. కాఫీ తెచ్చిన అమ్మాయి ముఖము చూచుటకు మాత్రము మాకు కొంతసేపు పట్టినది.

సోదరులారా, ఇంజను చల్లగా నున్నపుడు డబ్బాలోని గీటు వారమున కొకసారి చూచుకొనుడు. కూలెంటు తీపి విషము. పిల్లలకు, కుక్కలకు అందనీయకుడు. తరుగుచున్నచో పోయుచు కూర్చుండక, ఎచ్చట కారుచున్నదో పరీక్ష చేయించుడు. అది తేలువరకు ఎవరిని గూర్చియు మాట తూలకుడు.